ఎవరూ వాడటం లేదని ఎవరు చెప్పారు?

కంపెనీల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి ఏఐ ఏజెంట్లు వచ్చేశాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఎంసీపీ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక, ఏజెంటుకు ఏ సిస్టమ్‌నైనా తగిలించడం తేలికైంది. కంపెనీల లెక్కలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి సర్వర్లు వచ్చాయి. ప్రోగ్రాం చదివే టూల్, టేబుల్ నిర్మాణం చూపే టూల్, కొత్త క్లాస్ రాసే టూల్, ఇలా ఏజెంటు ముందు ఒక జాబితా పరుస్తారు. ఆ జాబితాలోనే, చదివే టూళ్ళ పక్కన, డేటా డెఫినిషన్‌ను డిలీట్ చేసే టూల్ కూడా ఉంటోంది. ఆబ్జెక్ట్ పేరు, మార్పులను ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు మోసుకెళ్ళే ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్ నంబరు ఇస్తే పని అయిపోతుంది.

ఇందులో భయపడాల్సిందేమీ లేదన్నది ఇప్పుడు ఐటీ వర్గాల్లో చలామణి అవుతున్న అభిప్రాయం. ఆ వాదన ఇలా సాగుతుంది: తొలగేది డెఫినిషనే కానీ డేటా కాదు. దాన్ని ఎవరు వాడుతున్నారో ఏజెంటు ముందే చూసుకుంటుంది. మనిషి సరే అంటేనే తొలగిస్తుంది. అదీ డెవలప్‌మెంట్ సిస్టమ్‌లోనే. తప్పు జరిగితే పాత వెర్షన్ ఎటూ ఉంటుంది. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన చెత్తను ఊడ్చడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

ఈ వాదనను నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఇంకొన్ని జాగ్రత్తలు కలిపితే సరిపోతుందని కూడా అనడం లేదు. డిలీట్ చేయగల టూల్‌ను ఏజెంటు చేతికి అసలు ఇవ్వకూడదంటున్నాను. వెతకనివ్వండి, ఆధారాలు పోగు చేయనివ్వండి, ఫలానాది తీసేయవచ్చేమోనని రాసి ఇవ్వనివ్వండి. తీసేసే చెయ్యి మాత్రం ఆ వ్యాపారం తెలిసిన మనిషిదై ఉండాలి.

ముందు డెఫినిషన్ సంగతి చూద్దాం. శాప్‌లో ఇవాళ డేటా డెఫినిషన్ అంటే ప్రధానంగా సీడీఎస్ వ్యూ. వేర్వేరు టేబుళ్ళలో ఉన్న వివరాలను కలిపి, ఏది లెక్కలోకి తీసుకోవాలో ఏది వదలాలో చెప్పే కొన్ని పదుల లైన్ల రాత అది. దానిలో డేటా ఉండదన్న మాట నిజమే. కానీ ఒక డీలరు నుంచి రావాల్సిన బాకీ ఎంత అన్న ప్రశ్నకు టేబుల్‌లో నేరుగా జవాబు దొరకదు. రద్దయిన ఇన్వాయిసులను ఎలా తీసివేయాలి, ముందుగా కట్టిన అడ్వాన్సును ఎక్కడ తగ్గించాలి, కోర్టులో నలుగుతున్న మొత్తాన్ని కలపాలా వద్దా, గడువును ఇన్వాయిసు తేదీ నుంచి లెక్కించాలా సరుకు అందిన తేదీ నుంచా? ఈ నిర్ణయాలన్నీ ఆ వ్యూలోనే ఉంటాయి. ఒక్కో షరతు వెనక ఫైనాన్స్ వాళ్ళకూ సేల్స్ వాళ్ళకూ మధ్య నడిచిన వాదన ఉంటుంది, ఆడిటరు పెట్టిన అభ్యంతరం ఉంటుంది. టేబుల్‌లో కోటి వరుసలు చెక్కుచెదరకుండా ఉన్నా, ఈ నిర్ణయాలు పోతే తనకు రావాల్సింది ఎంతో చెప్పలేని స్థితిలో పడుతుంది కంపెనీ. మళ్ళీ రాసుకోవచ్చంటారు. ఆ షరతులు పెట్టించిన మనిషి రిటైరై ఉంటాడు, రాసిన కన్సల్టెంటు మూడు కంపెనీలు మారి ఉంటాడు. ఎవరిని అడిగి రాస్తారు?

పైగా డేటా పోదన్న మాట వ్యూల వరకే నిజం. శాప్ డేటా డిక్షనరీలో టేబుల్ కూడా ఒక నిర్వచనమే. దాన్ని తొలగిస్తే డేటాబేస్‌లోని టేబుల్ తొలగుతుంది, అందులోని వరుసలూ పోతాయి. శాప్ వాళ్ళ స్టాండర్డ్ టేబుల్‌కు కంపెనీ తన అవసరం కోసం కొన్ని ఫీల్డులు కలుపుకుంటుంది, దాన్నే అపెండ్ స్ట్రక్చర్ అంటారు. చూడటానికి అది నాలుగు లైన్ల చిన్న ఆబ్జెక్ట్. దాన్ని తీసేస్తే ఆ నాలుగు కాలమ్‌లూ, వాటిలో ఏళ్ళుగా నింపిన విలువలూ పోతాయి. వ్యూను తొలగించే టూల్, టేబుల్‌ను తొలగించే టూల్ ఏజెంటు జాబితాలో పక్కపక్కనే ఒకే పోలికతో ఉంటాయి. పరిణామాల్లో ఇంత తేడా ఉన్న రెండు పనులను ఒకే రకం పనులుగా చూపించడమే మొదటి ప్రమాదం.

పాత వెర్షన్ సంగతీ ఇంతే. సాధారణంగా ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్ విడుదలైనప్పుడే వెర్షన్ నమోదవుతుంది. ఎవరో లోకల్ ప్యాకేజీలో రాసుకున్న ఆబ్జెక్ట్‌కు ఆ చరిత్ర ఉండదు, దాన్ని డిలీట్ చేయడానికి ట్రాన్స్‌పోర్ట్ నంబరూ అక్కర్లేదు. వెర్షన్ దొరికినా తిరిగి వచ్చేది రాత ఒక్కటే. అది లేని రోజుల్లో తప్పుగా వెళ్ళిన చెల్లింపు, ఆగిపోయిన డిస్పాచ్ ఏ వెర్షన్‌తోనూ వెనక్కి రావు.

ఇదంతా ఒక ఎత్తు, యాక్సెస్ కంట్రోల్ ఒక ఎత్తు. ఈ చర్చలో దాని ఊసే నాకు కనిపించడం లేదు. సీడీఎస్ వ్యూకు అనుబంధంగా, ఎవరు ఏ వరుసలు చూడవచ్చో చెప్పే వేరే నిర్వచనం ఒకటి రాస్తారు. ఒక ప్లాంట్ మేనేజరుకు తన ప్లాంట్ కొనుగోళ్ళే కనపడాలి, పక్క ప్లాంట్‌వి కనపడకూడదు అన్న షరతు అక్కడ ఉంటుంది. సాధారణ సెట్టింగులో ఆ వ్యూ ఏం చేస్తుందంటే, యాక్సెస్ కంట్రోల్ ఉంటే అమలు చేస్తుంది, లేకపోతే అన్ని వరుసలూ చూపిస్తుంది. డెవలపరుకు ఒక హెచ్చరిక కనపడవచ్చు, అంతే. అంటే ఆ చిన్న నిర్వచనాన్ని ఏజెంటు డిలీట్ చేస్తే ఏ ప్రోగ్రామూ ఆగిపోదు. రిపోర్టు నడుస్తుంది, స్క్రీన్ తెరుచుకుంటుంది, టెస్టులన్నీ పాసవుతాయి. కాకపోతే ఆ రోజు నుంచి ప్రతి ఒక్కరికీ అందరి వివరాలూ కనిపిస్తాయి. ఎవరికీ ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ టికెట్ వేయరు. ఎక్కువ కనపడుతోందని ఫిర్యాదు చేసే యూజర్లు అరుదు. తప్పు జరిగితే తెలిసిపోతుంది, సరిదిద్దుకోవచ్చు అనుకునేవాళ్ళు ఈ ఒక్క సందర్భాన్ని నిదానంగా ఆలోచించాలి. తప్పు జరిగిన సంగతే బయటపడని డిలీట్ ఇది.

ఇక వేర్ యూజ్డ్ లిస్ట్ దగ్గరికి వద్దాం. ఏజెంటును సమర్థించేవాళ్ళకు ఇదే పెద్ద ఆసరా. ఒక ఆబ్జెక్ట్‌ను ఏయే ప్రోగ్రాములు వాడుతున్నాయో ఆ జాబితా చూపిస్తుంది, ఖాళీగా వస్తే ఎవరూ వాడటం లేదన్నమాట, తీసేయవచ్చు. శాప్ ప్రోగ్రామింగ్ భాష అబాప్‌లో పనిచేసిన ఎవరికైనా ఈ తర్కంలో లొసుగు ఎక్కడుందో తెలుసు. టేబుల్ పేరును ప్రోగ్రాంలో నేరుగా రాయకుండా, ఒక వేరియబుల్‌లో పెట్టి సెలెక్ట్ చేసే పద్ధతి ఉంది. ఆ పేరు ఏదో కస్టమైజింగ్ టేబుల్‌లో ఒక విలువగా ఉంటుంది, ప్రోగ్రాం నడిచేటప్పుడు చదువుకుంటుంది. వేర్ యూజ్డ్ లిస్ట్‌కు అది కనపడదు. బయటి సిస్టమ్‌లు ఆర్‌ఎఫ్‌సీ ద్వారానో ఓడేటా సర్వీసు ద్వారానో అడుగుతుంటాయి. లోపల సర్వీసు వరకు జాడ దొరుకుతుంది కానీ, ఆ సర్వీసును అవతల ఎవరు పిలుస్తున్నారో దొరకదు.

పాత తరహా సీడీఎస్ వ్యూలతో ఇంకో చిక్కుంది. వాటికి రాత పేరు ఒకటి, ఎంటిటీ పేరు ఒకటి, డేటాబేస్‌లో పుట్టే ఎస్‌క్యూఎల్ వ్యూ పేరు ఇంకొకటి. హానా డేటాబేస్‌ను నేరుగా చదివే రిపోర్టింగ్ టూల్ ఈ మూడో పేరును వాడుకుంటూ ఉండవచ్చు. అబాప్ వైపు నుంచి ఎంత వెతికినా ఆ రిపోర్టు ఉన్నట్టే తెలియదు. డైరెక్టరుకు ప్రతి సోమవారం వెళ్ళే ఎక్సెల్ షీటు అదే కావచ్చు.

కాబట్టి జాబితా ఖాళీగా వచ్చిందంటే, సిస్టమ్‌కు తెలిసినంతలో వాడేవాళ్ళు లేరని మాత్రమే అర్థం. ఈ తేడా అనుభవం ఉన్న కన్సల్టెంటుకు ఒంట్లో ఉంటుంది. అతను జాబితా చూసి అక్కడితో ఆగడు, ఫంక్షనల్ కన్సల్టెంటుకు ఫోన్ చేస్తాడు, పాత మెయిళ్ళు తిరగేస్తాడు, ఇంటర్‌ఫేస్‌లు చూసే టీమ్‌ను అడుగుతాడు. ఏజెంటుకు అందుబాటులో ఉన్న ప్రపంచం దానికిచ్చిన టూళ్ళంతే. అందులో ఆధారం లేనిది దాని లెక్కలో లేనిదే. పేరులో ఓల్డ్, టెస్ట్, కాపీ, బ్యాకప్ లాంటి మాట ఉంటే దాని అనుమానం ఇంకా బలపడుతుంది. టెస్ట్ అని పేరు పెట్టి తొందరలో గో లైవ్‌కు పంపిన వ్యూ పదేళ్ళుగా రోజూ నడుస్తున్న కంపెనీలు ఎన్నో ఉన్నాయి.

వాడకం లెక్కలు చూస్తాంగా అంటారు. మంచిదే. శాప్‌లో ఎస్‌సీమాన్ అనే మానిటర్ ఏ కోడ్ ఎన్నిసార్లు నడిచిందో నమోదు చేస్తుంది. కానీ అది లెక్కించేది అబాప్ కోడ్ పిలుపులను. డేటాబేస్‌ను బయటి నుంచి నేరుగా చదివే రిపోర్టు దానికి చిక్కదు. ఇక కాలం సంగతి. మన దేశంలో ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఉద్యోగులకు ఫారం 16 జూన్ 15లోగా ఇవ్వాలి. జీఎస్‌టీ వార్షిక రిటర్న్‌కు మామూలు గడువు డిసెంబరు 31. ఈ ఒక్కో పనికీ ఏడాదికి ఒక్కసారి, కొన్ని రోజులపాటు మాత్రమే వాడే వ్యూలు ఉంటాయి. ఆగస్టులో కూర్చున్న ఏజెంటు మూడు నెలల వాడకం తీసి చూస్తే ఇయర్ ఎండ్ వ్యూ సున్నా చూపిస్తుంది. దాని లెక్క తప్పు కాదు. ప్రశ్న తప్పు.

ఏడాది కూడా చాలని సందర్భాలున్నాయి. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం కంపెనీ తన గడిచిన ఎనిమిది ఆర్థిక సంవత్సరాల ఖాతా పుస్తకాలను భద్రపరచాలి. జీఎస్‌టీ చట్టం రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలంటుంది. 2017 జూలై 1కి ముందున్న వ్యాట్, ఎక్సైజ్ కాలపు వివాదాలు ఆ తర్వాత కూడా ఏళ్ళకేళ్ళు ట్రిబ్యునళ్ళలో నడిచాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ చెరపడానికి వీల్లేని ఆడిట్ ట్రయిల్ ఉండాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. చట్టం ఇంతగా పట్టుబడుతున్నది రికార్డు ఉండాలని మాత్రమే కాదు, అడిగినప్పుడు చదివి చూపించగలగాలని కూడా. టేబుల్‌లో వరుసలు ఉంచి, వాటిని చదవడానికి అప్పట్లో వాడిన నిర్వచనాన్ని తీసేసిన కంపెనీ అసెస్‌మెంట్ అధికారి ముందు ఏం చూపిస్తుంది? ఫలానా కాలమ్‌లో ఎక్స్ అని ఉంటే ఆ పన్నును వేరే లెక్కలో వేశామని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మనిషి సరే అంటేనే తొలగిస్తుంది కదా అన్నది అందరినీ శాంతింపజేసే మాట. ఆ సరే ఎలా పుడుతుందో చూడండి. తెర మీద ఒక ఆబ్జెక్ట్ పేరు, తొలగించమంటారా అన్న ప్రశ్న, కింద ఏజెంటు రాసిన రెండు లైన్ల కారణం. వేర్ యూజ్డ్ లిస్ట్ ఖాళీ, ఇటీవల వాడకం లేదు, తొలగించడం సురక్షితం. అనుమతి ఇవ్వాల్సిన మనిషి ముందున్న ఒకే ఒక్క సాక్ష్యం, తొలగిస్తానంటున్న ఏజెంటు చెబుతున్న మాట. అడిగేదీ అదే, సాక్షీ అదే. మొదటి మూడు సార్లు ఆ మనిషి తెరిచి చూస్తాడు. నలభయ్యో ఆబ్జెక్ట్ దగ్గర, సాయంత్రం ఏడున్నరకు, క్లయింట్ కాల్ మోగుతుండగా, చూడడు. ఇందులో అతని బద్ధకం ఏమీ లేదు. వంద ప్రశ్నలకు వంద ఒకే రకం జవాబులు నొక్కించే ఏర్పాటు ఏ మనిషి శ్రద్ధనైనా హరిస్తుంది. పని వేగం కోసమే ఏజెంటును పెట్టినప్పుడు, నిదానంగా చూసే మనిషే ఆ ఏర్పాటుకు అడ్డుగా కనిపిస్తాడు. నాలుగు వారాల్లో ఎవరో ఒకరు అన్నిటికీ అనుమతి అనే పెట్టె టిక్ చేస్తారు.

ఎంసీపీ ప్రోటోకాల్‌ను రాసినవాళ్ళకే ఈ బెడద తెలుసు. 2025 మార్చి స్పెసిఫికేషన్‌లో, ఒక టూల్ విధ్వంసకరమో కాదో తెలిపే సూచనను చేర్చారు. సర్వర్ ఏమీ చెప్పకపోతే విధ్వంసకరమనే భావించాలని పెట్టారు. నమ్మదగిన సర్వరైతే తప్ప అలాంటి సూచనలను నమ్మవద్దనీ రాశారు. అంటే అది కేవలం సూచన, తాళం కాదు. ఏజెంటుకు ప్రాంప్ట్‌లో ఇచ్చే ఆదేశం అంతకన్నా బలహీనం. 2025 జూలైలో రెప్లిట్ సంస్థ కోడింగ్ ఏజెంటు ఏం చేసిందో లోకమంతా చూసింది. ఏ మార్పూ చేయవద్దని స్పష్టంగా చెప్పి ఫ్రీజ్ పెట్టిన సమయంలో అది ఒక వ్యాపారవేత్త ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచేసింది. 1200 మందికి పైగా ఎగ్జిక్యూటివ్‌ల, దాదాపు అన్నే కంపెనీల రికార్డులు అందులో ఉన్నాయి. అంతటితో ఆగకుండా, వెనక్కి తెచ్చే దారి లేదని చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే రోల్‌బ్యాక్ పనిచేసింది. రెప్లిట్ అధిపతి అమ్జద్ మసాద్ క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్‌ను, ప్రొడక్షన్‌ను విడదీసే మార్పులు ప్రకటించారు. మాటతో పెట్టిన ఆంక్షను ఆ ఏజెంటు దాటింది, జరిగిన నష్టం గురించి తప్పు సమాచారం కూడా ఇచ్చింది. అనుమతి పెట్టెలో కారణం రాసేదీ ఇలాంటి ఏజెంటే.

ఇంకో దారి కూడా తెరిచి ఉంది. ఏజెంటు టికెట్లు చదువుతుంది, ప్రోగ్రాంలోని కామెంట్లు చదువుతుంది. ఫలానా వ్యూ పనికిరాదు, తీసేయాలి అని ఎప్పుడో ఎవరో కామెంటులో రాసి ఉంటారు. దురుద్దేశంతో రాసినా, అమాయకంగా రాసినా, ఆ వాక్యానికీ యజమాని ఆదేశానికీ మధ్య తేడా ఏజెంటుకు ప్రతిసారీ తెలుస్తుందన్న హామీ లేదు. అప్లికేషన్ల భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ, భాషా మోడళ్ళ వల్ల కలిగే పది ముఖ్యమైన ముప్పుల్లో మితిమీరిన అధికారం ఇవ్వడాన్ని ఒకటిగా చేర్చింది ఇందుకే.

డెవలప్‌మెంట్ సిస్టమ్‌లోనే కదా అన్న మాటను అబాప్ తెలిసినవాళ్ళు అనకూడదు. ప్రొడక్షన్‌కు నేరుగా మార్పులు రాకుండా మూసి ఉంచుతారు, నిజమే. కానీ డిలీట్ కూడా ఒక మార్పే, అది ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్‌లో ఒక వరుసగా చేరి, పరీక్షలు జరిగే క్వాలిటీ సిస్టమ్ మీదుగా ప్రొడక్షన్‌కు ప్రయాణిస్తుంది. అరవై ఆబ్జెక్టులున్న రిక్వెస్ట్‌లో అదొక్కటే తొలగింపు అయితే ఎవరి కంటా పడదు. క్వాలిటీలో టెస్టర్లు కొత్తగా వచ్చినదాన్ని పరీక్షిస్తారు. లేకుండా పోయినదానికి టెస్ట్ కేస్ ఎవరూ రాయరు.

మనుషులూ తప్పులు చేస్తారుగా అన్నది చివరి అస్త్రం. చేస్తారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజనీరు ఒకరు పొరపాటున వేరే సర్వర్‌లో డిలీట్ కమాండ్ నడిపి ప్రధాన డేటాబేస్‌ను పోగొట్టారు. ఆరు గంటల డేటా తిరిగి రాలేదు, ఉన్నాయనుకున్న బ్యాకప్ పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి అక్కరకు రాలేదు. 2022 ఏప్రిల్ 5న అట్లాసియన్ సంస్థలో జరిగింది ఇంకా పెద్దది, మన చర్చకు ఇంకా దగ్గరిది. పాతబడిన ఒక యాప్‌ను కస్టమర్ల సైట్ల నుంచి తీసేయాలనుకున్నారు. పని అడిగిన టీమ్, స్క్రిప్ట్ నడిపే టీమ్‌కు యాప్ ఐడీలకు బదులు మొత్తం సైట్ల ఐడీలు ఇచ్చింది. డిలీట్ చేసే ఏపీఐ రెంటినీ ఒకేలా తీసుకుంది, ఇది యాప్ కాదు సైటు సుమా అని అడగలేదు. దాదాపు 23 నిమిషాల్లో 775 మంది కస్టమర్లకు చెందిన 883 సైట్లు పోయాయి. కొందరికి తిరిగి అందడానికి 14 రోజుల వరకు పట్టింది.

ఏజెంటు మనిషికన్నా అధ్వానం కాదని చెప్పడానికి ఈ ఉదంతాలను వాడుతున్నారు. నాకు వాటిలో దానికి పూర్తిగా విరుద్ధమైన పాఠం కనిపిస్తోంది. అట్లాసియన్‌లో నష్టం అంత పెద్దది కావడానికి కారణం, పేరు ఇస్తే చాలు ప్రశ్నించకుండా తొలగించే ఏపీఐ, దాన్ని వరుసగా వందల సార్లు పిలిచిన స్క్రిప్ట్. ఆబ్జెక్ట్ పేరు, ట్రాన్స్‌పోర్ట్ నంబరు ఇస్తే తొలగించే టూల్, దాన్ని వరుసగా పిలిచే ఏజెంటు సరిగ్గా అదే అమరిక. ఆ స్క్రిప్ట్ కూడా సమీక్ష జరిగాకే నడిచింది. సమీక్ష దాన్ని ఆపలేకపోయింది. తర్వాత ఆ సంస్థ తీసుకున్న ప్రధాన నిర్ణయం ఏమిటి? అన్ని సిస్టమ్‌లలోనూ ముందు సాఫ్ట్ డిలీట్, అంటే తొలగించినట్టు గుర్తుపెట్టి కొంత కాలం ఉంచడం. దెబ్బ తిన్నవాళ్ళు నేర్చుకున్నది అది. ఆ పాఠాన్ని పక్కనపెట్టి ఆ తప్పును మాత్రం ఉదాహరణగా తీసుకోవడం న్యాయం కాదు.

అవతలి పక్షానికి ఉన్న బలమైన వాదనను దాటవేయను. తీసేయకుండా వదిలేయడం కూడా ప్రమాదమే. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ సంస్థ 45 నిమిషాల్లో 440 మిలియన్ డాలర్లకు పైగా నష్టపోయింది. ఏళ్ళ క్రితమే వాడటం మానేసిన పవర్ పెగ్ అనే కోడ్ సర్వర్లలో అలాగే పడి ఉంది. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికి పంపి ఒకదాన్ని మరిచారు. ఆ ఒక్కదానిలో చచ్చిన కోడ్ లేచి కూర్చుంది. శాప్ లోకంలోనూ ఈ ఒత్తిడి వాస్తవం. శాప్ పాత తరం సాఫ్ట్‌వేర్ ఈసీసీకి మెయిన్‌స్ట్రీమ్ మద్దతు 2027 చివరితో ముగుస్తోంది. దాని తర్వాతి తరమైన ఎస్/4హానాకు మారే ప్రతి కంపెనీ తను సొంతంగా రాయించుకున్న జెడ్ ఆబ్జెక్టుల అడవిని చూసి బెంబేలెత్తుతోంది. వాడని కోడ్‌ను గుర్తించి, డిలీషన్ ట్రాన్స్‌పోర్ట్ తయారుచేసే పద్ధతి శాప్‌లోనే ఉంది. అయితే అది ముందు నుంచి పోగుచేసిన వాడకం లెక్కల మీద ఆధారపడుతుంది. ఏది ఉంచాలో ఏది వదలాలో మనుషులు కూర్చుని స్కోప్ ఖరారు చేసుకున్నాకే నడుస్తుంది. చాట్‌లో ఒక వాక్యం టైపు చేస్తే నిమిషంలో తొలగిపోయే పద్ధతిని దానితో సమానం చేయలేం. నైట్ క్యాపిటల్ కూలింది కూడా తీసేయడం ఆలస్యమైనందుకే కాదు, తీసేయడం సగంలో ఆగినందుకు. అంతటా పూర్తయిందో లేదో చూసుకునే మనిషి లేనందుకు.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శాప్ నేర్చుకుని, హైటెక్ సిటీలోనో న్యూజెర్సీలోనో సపోర్ట్ టీముల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఏజెంటు తొలగించిన దాని పర్యవసానం ముందుగా తగిలేది వాళ్ళకే. మార్చి 31 రాత్రి రిపోర్టు రాలేదని ఫోన్ వచ్చేది వాళ్ళకే. ట్రాన్స్‌పోర్ట్ మీద పేరు వాళ్ళదే ఉంటుంది, ఎందుకంటే ఏజెంటు వాళ్ళ యూజర్ ఐడీతోనే సిస్టమ్‌లోకి వెళ్తుంది. తను తీసుకోని నిర్ణయానికి, తన పేరు మీద, తను సమాధానం చెప్పాలి. ఈ అన్యాయం గురించి టూల్ తయారుచేసేవాళ్ళు మాట్లాడటం లేదు. వాడమని చెప్పే మేనేజర్లూ మాట్లాడటం లేదు. కాబట్టి ఆ ఐడీ ఎవరిదో వాళ్ళే అడగాలి. ఏజెంటుకు వేరే ఐడీ ఇవ్వాలి, ఆ ఐడీకి డిక్షనరీలో తొలగించే ఆథరైజేషన్ ఉండకూడదు. ప్రాంప్ట్‌లో వద్దని రాయడం కాదు, సిస్టమ్‌ను నిర్వహించే బేసిస్ టీమ్ దాన్ని రోల్‌లోంచే తీసేయాలి. యాక్సెస్ కంట్రోల్ నిర్వచనాలను మార్చే అధికారమూ దానికి ఉండకూడదు.

పని ఆగిపోదు. ఏజెంటు జాబితా తయారు చేయనీ, ఒక్కో ఆబ్జెక్ట్‌కూ తను ఎక్కడెక్కడ వెతికిందో, ఎక్కడ వెతకలేకపోయిందో విడిగా రాయనీ. ఆ రెండో భాగం మొదటిదానికన్నా విలువైనది. ఆ వ్యూను ఎవరి వ్యాపార అవసరం కోసం రాశారో ఆ విభాగం మనిషి ఒకరు దాన్ని చదవాలి. ముందు దాన్ని డిప్రికేటెడ్ అని గుర్తుపెట్టాలి. తర్వాత ప్రొడక్షన్‌లో దాన్ని చదివే అనుమతులు ఒక్కొక్కటీ తీసి, ఎవరు కేకేస్తారో చూడాలి. కేకేస్తే ఐదు నిమిషాల్లో అనుమతి తిరిగి ఇవ్వవచ్చు. అలా ఒక ఇయర్ ఎండ్, ఒక జీఎస్‌టీ వార్షిక రిటర్న్ దాటాక, పేరు పెట్టి బాధ్యత తీసుకున్న మనిషి విడి ట్రాన్స్‌పోర్ట్‌లో దాన్ని తొలగించాలి. ఆ ట్రాన్స్‌పోర్ట్‌లో వేరే ఏ మార్పూ ఉండకూడదు.

దీనికి ఏడాది పడుతుంది, అంత ఆగలేమంటారు. ఆగితే పోయేదేమిటో లెక్క వేయండి. సీడీఎస్ వ్యూ డేటాను దాచదని వాళ్ళే చెబుతున్నారు. అందుచేత అది మెమరీలో చోటు ఆక్రమించదు. పిలవని వ్యూ ప్రాసెసర్ సమయం తినదు. డేటాబేస్‌లో అది కొన్ని కిలోబైట్ల రాత. ఎస్/4హానాకు మారేటప్పుడు సరిచూడాల్సిన వాటిలో అదొకటి అదనంగా ఉంటుంది, దాన్ని సరిచూసే పనిని ఆ ఏజెంటుకే అప్పగించవచ్చు. తొందరపడి తీసేయడం వల్ల కంపెనీకి మిగిలేది ఇంతే.